అడక్కుండా గొరిగిన తల

వెర్లీన్ టిబ్స్‌కి కోపం ఎక్కువని మా వీధిలో అందరూ అంటారు. పాస్టరుగారు అంటారు, మూల మీద చేపలు వేయించి అమ్మేవాడు అంటాడు, ఆవిడ వదిలేసిన మొగుడు కూడా చచ్చేదాకా అదే పాట పాడాడు. నేను ఒప్పుకోను. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ ఎదురింట్లో ఉంటున్నాను. ఆవిడకి కోపం ఎక్కువ కాదు, కోపం తెప్పించేవాళ్ళు ఎక్కువ తగిలారు. జరిగింది చెప్తాను, విన్నాక మీరే అనుకోండి.

మా నల్లవాళ్ళు చాలామందిలాగే వాళ్ళ నాన్న ఉక్కు ఫ్యాక్టరీ పని కోసం అలబామా నుంచి క్లీవ్‌లాండ్ వచ్చేటప్పటికి వెర్లీన్ చంకలో పిల్ల. చెల్లెలు డోరెథా ఇక్కడ పుట్టింది. తల్లి మిస్ ఓజీ ప్రతి శనివారం ఇనప దువ్వెన పొయ్యి మీద కాల్చి ఇద్దరి జుట్టూ సాపు చేసేది. కమురు వాసన ఇల్లంతా పట్టేది. చెవి అంచు చురుక్కుమన్నా కదలకూడదు. "కదిలావంటే నీదే పాపం" అనేదట మిస్ ఓజీ.

పందొమ్మిదో ఏట ఒక శనివారం వెర్లీన్ ఆ కుర్చీలో కూర్చోనంది.

"ఆ గడ్డివామి నెత్తినేసుకుని రేపు చర్చికొస్తావా? నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారే!" అంది తల్లి.

"దేవుడిచ్చిన జుట్టే కదమ్మా. ఆయనింటికి పెట్టుకెళ్తే ఆయనకేం నొప్పి?"

చెంప పగిలింది. మర్నాడు ఆ చెంపతోనే, ఆ జుట్టుతోనే వెళ్ళి ముందు వరసలో కూర్చుంది. మళ్ళీ దువ్వెన కాల్చిన వాసన ఆవిడ తల దగ్గరికి రాలేదు.

తర్వాత ఒక బస్సు కంపెనీలో డ్రైవరుగా చేరింది. యూనిఫాం టోపీ పట్టడం లేదు, జుట్టు కత్తిరించుకు రమ్మన్నాడు సూపర్‌వైజరు. "తల మారదు, టోపీ మార్చు" అంది వెర్లీన్. అన్నందుకు ఏళ్ళ తరబడి ఆవిడకి ఊరి అంచున ఉన్న పెద్ద సరస్సు పక్కనుంచి పోయే రూటు వేశారు. చలికాలంలో తలుపు తెరిచిన ప్రతి స్టాపు దగ్గరా గాలి కత్తిపెట్టి కోసే రూటు అది. రిటైరయ్యేదాకా నడిపింది. జుట్టు మాత్రం కత్తిరించుకోలేదు.

డోరెథా వేరే రకం. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అలాంటిది. బడి క్యాంటీన్లో వడ్డించేది, ఆదివారం చర్చిలో పియానో వాయించేది, అక్కడి పెద్దల్లో ఒకరు, డీకనెస్. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా తోసుకుంటూ పోతే తనే క్షమాపణ చెప్పేది. ఆ మనిషికి గర్వం అంటూ ఏదైనా ఉంటే అది జుట్టే. తడిపితే చెవుల దాకా ముడుచుకుపోయేది, ఒక పాయ పట్టి లాగితే వీపు సగం దాకా సాగేది. వదిలితే స్ప్రింగులా మళ్ళీ పైకి. పియానో ముందు కూర్చుంటే వెనకనుంచి చూసి చిన్నపిల్లలు "మిస్ డోరెథా, ఒక్కసారి లాగమా?" అని అడిగేవాళ్ళు. లాగనిచ్చేది.

మిస్ ఓజీ పోయాక ఆ తలకి వెర్లీన్ తప్ప ఇంకెవరూ దువ్వెన పెట్టలేదు. శనివారం శనివారం వెర్లీన్ వంటింట్లోనే. ముందు డోరెథా, తర్వాత నేను, ఇంకా వీధిలో ఎవరుంటే వాళ్ళు. పొయ్యి మీద ఆకుకూరలు ఉడుకుతూ ఉండేవి, మా మెడల మీద నీళ్ళు కారుతూ ఉండేవి.

"ఈ ఊళ్ళో ఏడాదంతా ఒకే మందు రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది" అనేది వెర్లీన్. ఆగస్టులో సరస్సు మీదనుంచి ఆవిరి లేస్తుంది. జుట్టు దానంతటదే తాగి ఉబ్బుతుంది. అప్పుడు నూనె దట్టంగా పట్టిస్తే దుమ్మూ చెమటా కలిసి మడ్డి కడుతుంది. ఆ రోజుల్లో ఆవిడ చేసేది తరచుగా కడగడం, రెండేసి పాయలకి పురిపెట్టి వదిలేయడం, అంతే. ఆకులు రాలుతుండగానే పని మారేది. ఇళ్ళల్లో హీటర్లు వెలిగేలోపు జుట్టుకి కడుపునిండా తేమ పట్టించాలి. ముందు నీళ్ళు, ఆ పైన షియా గింజల వెన్న, చివర్లకి ఆముదం. ఇక మంచు పడిందంటే జుట్టు బయట తిరగకూడదు. మాడుని అంటిపెట్టుకుని జడలు అల్లి, శాటిన్ గుడ్డ చుట్టి, దాని మీదే ఉన్ని టోపీ. ఉన్ని నేరుగా తగిలితే తేమంతా లాగేస్తుంది, చివర్లు పుల్లల్లా విరుగుతాయి. తడి జుట్టుతో గుమ్మం దాటితే గడ్డకట్టుకుపోతుంది. అల్లిన జడలు రెండు మూడు వారాలకి విప్పాల్సిందే. విప్పకపోతే రాలిన వెంట్రుకలు లోపలే చిక్కుకుని, కొత్తవాటిని పట్టుకుని, ముద్దకట్టుకుపోతాయి.

ఇదంతా మా వీధిలో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అందుకే నాకు ఇప్పటికీ మండుతుంది.

ఒక ఏడు జనవరిలో చర్చి పాటల రిహార్సల్ జరుగుతుండగా డోరెథా కుడిచెయ్యి పియానో మీదనుంచి జారి ఒళ్ళో పడింది. ఎందుకు ఆపావని అడిగితే నోరు తెరిచింది, మాట రాలేదు. పక్షవాతం. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. వెర్లీన్ ఆ మంచం పక్కనే కూర్చుని చెల్లెలి తల దువ్వి, తేమ పట్టించి, లావుగా జడలు అల్లింది. అక్కడనుంచి నడకా మాటా మళ్ళీ నేర్పుతారంటూ సరస్సు గట్టునున్న ఒక నర్సింగ్ హోమ్‌కి పంపారు. దాని పేరు చెప్పను. చెప్తే నోరు కడుక్కోవాలి.

చేర్చిన రోజు నేనూ వెళ్ళాను. హీటర్లు నిప్పులు కక్కుతున్నాయి. వెర్లీన్ సంచిలోంచి శాటిన్ టోపీ, షియా వెన్న డబ్బా, నీళ్ళు చిమ్మే సీసా, పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన తీసి సొరుగులో పెట్టింది.

"ఎక్కువ చెయ్యక్కర్లేదమ్మా" అంది హెడ్ నర్సుతో. "పడుకునేటప్పుడు ఈ టోపీ పెట్టండి. రోజూ కాస్త నీళ్ళు చిమ్మండి. జడలు విప్పే టైముకి నేనొస్తా."

"తప్పకుండా మేడమ్" అంది హెడ్ నర్సు. చక్కగా నవ్వింది కూడా.

వెర్లీన్ రోజూ బస్సెక్కి వెళ్ళొచ్చేది. ఇంతలో అక్కడ ఫ్లూ పాకింది. బయటివాళ్ళెవరూ లోపలికి రాకూడదని తలుపులు మూసేశారు. ఒక వారం అన్నారు. వారాలు గడిచాయి. వెర్లీన్ రోజూ ఫోన్ చేసేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను.

"చెల్లెలి తల ఎలా ఉందమ్మా?"

"ఆవిడ బాగానే ఉన్నారండీ. అన్నం తింటున్నారు."

"సంతోషం. నేనడిగింది తల గురించి. జడలు విప్పే టైము దాటిపోయింది. ఎవరైనా విప్పారా? టోపీ పెడుతున్నారా?"

అవతల ఫోన్ పట్టుకున్నామె నవ్వింది. నవ్వడం నాకూ వినిపించింది. "జుట్టు బాగానే ఉందండీ" అంది.

ఫిబ్రవరి ఆఖర్లో తలుపులు తెరిచారు. ఆ పొద్దున నేనే కారు తీశాను. వెర్లీన్ ఒళ్ళో పెట్టుకున్న సంచిలో కొత్త దువ్వెనలు, తువ్వాలు, చెల్లెలికి ఇష్టమైన, పీచ్ పళ్ళతో కాల్చిన తీపి కాబ్లర్. మూడో అంతస్తులో గది తలుపు తోసుకుని వెర్లీన్ ముందు నడిచింది. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఎవరో ముసలాయన మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. గుండు. మెడ మీద ఎర్రగా గాట్లు.

"క్షమించండి సార్, గది తప్పొచ్చాం" అంది వెర్లీన్.

ఆ మనిషి తల తిప్పి చూసింది. డోరెథా.

నాకు తెలిసినన్నాళ్ళలో వెర్లీన్ మాట తడబడటం నేను చూడలేదు. ఆ పూట చూశాను. సంచి కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, "చెల్లీ... ఒసే డోరీ... ఎవరే? ఎవరు చేశారే?" అంటూ తల మీద చెయ్యి వెయ్యబోయింది. డోరెథా బాగున్న ఎడమచేతిని ఎత్తి తల మీద కప్పుకుంది. మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. అక్కని ముట్టుకోనివ్వలేదు.

వెర్లీన్ లేచి సొరుగు లాగింది. శాటిన్ టోపీ మడత విప్పకుండా ఉంది. షియా వెన్న డబ్బాకి సీలు తియ్యలేదు. దువ్వెనకి ఒక్క వెంట్రుక అంటలేదు. వాటిని రెండు చేతుల్లో పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. నేను వెనకాలే.

"చిక్కుపడి ముద్దకట్టుకుపోయిందండీ" అంది హెడ్ నర్సు. ఈసారి నవ్వలేదు. "మాడు మీద పుళ్ళు లేచేవి. శుభ్రత కోసం తీసేశాం."

"నన్నడిగారా?"

"వైద్యానికి సంబంధించినవైతే ఇంట్లోవాళ్ళకి చెప్తాం. జుట్టు వైద్యం కిందికి రాదు కదండీ."

"రానిదానికి మీ చెయ్యెందుకు పడింది? సరే, దాన్నడిగారా?"

"ఆవిడ మాట్లాడలేరు కదా..."

"మాట లేదు. చెవులున్నాయి. తల ఊపుద్ది. అడిగితే అడ్డంగా ఊపేది. అది తెలిసే అడగలేదు మీరు!" వెర్లీన్ గొంతుకి ఆ అంతస్తులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. "ఆ జుట్టేదీ? నాకిచ్చెయ్యి."

"పారేశామండీ."

"పారేశారు" అంది వెర్లీన్. ఆ మాట నాలుగైదు సార్లు అంది.

కేకలు విని మేనేజరు వచ్చాడు. క్రెల్ అని, మెరిసే బూట్లవాడు. గదిలోకి రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి అన్నాడు. వెర్లీన్ కూర్చోలేదు.

"మీ బాధ అర్థమైంది మిసెస్ టిబ్స్. కానీ జుట్టే కదండీ. పెరుగుతుంది."

వెర్లీన్ వాణ్ణి నుదుటినుంచి వెనక్కి చూసుకుంటూ వచ్చింది. "నీ నెత్తిన మిగిలిన నాలుగు పోగులూ ఇటునుంచి అటు కప్పుకోడానికి పొద్దున అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డావో నాకు కనబడతానే ఉంది బాబూ. ఎవరన్నా వచ్చి నువ్వు నిద్రలో ఉండగా అవి గీకేసి, పెరుగుద్దిలే అంటే ఊరుకుంటావా? మాట్లాడవేం?"

వాడు చేతి గడియారం చూసుకున్నాడు. అది చూసి నాకు వాడి బల్ల తిరగెయ్యాలనిపించింది.

కారు దగ్గరికి వచ్చాక వెనకనుంచి ఎవరో పరిగెత్తుకొచ్చారు. పాతికేళ్ళ పిల్ల, మన పిల్లే. కోటు కూడా లేకుండా మంచులోకి వచ్చేసింది. నెత్తిన సన్నటి జడలు ముత్యాల్లా అల్లుకుని ఉన్నాయి.

"మిస్ టిబ్స్, నా పేరు టమేరా. లోపల హెల్పర్‌ని. మీకు వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్దామని... ఆవిడ తలకి మిషను పట్టింది నేనేనండి."

వెర్లీన్ ఆ పిల్ల జడల వంక చూసింది. "ఇవెవరు అల్లారు?"

"మా అమ్మండి."

"మీ అమ్మ నీకిది నేర్పిందా? మనింటి ఆడదాన్ని కుర్చీలో కూలేసి గొర్రెకి గొరిగినట్టు గొరగమని?"

ఆ పిల్ల ఏడుస్తోంది. కన్నీళ్ళు బుగ్గల మీదే చల్లబడుతున్నాయి. "రెండు ఆదివారాలు నా తిండి టైములో చిక్కులు తీశానండి. వేళ్ళతో కొంచెం కొంచెం విడదీశాను. ఆవిడకి నొప్పి తెలీకుండా. సగం కూడా అవలేదు. ఒక్కరి దగ్గరే అంతసేపేంటని హెడ్ నర్సు తిట్టింది. నాకింకో పది మందికి పైగా ఉన్నారండి, స్నానాలు చేయించాలి, తినిపించాలి. మూడోసారి చేతికి మిషనిచ్చింది. తీస్తావా, ఇంటికి పోతావా అంది."

"ఇంటికి పోవాల్సింది."

"నాకు పిల్లాడున్నాడండి."

"నాకు చెల్లెలుంది" అంది వెర్లీన్. కారెక్కి తలుపేసుకుంది.  ఇంటి ముందు దిగేటప్పుడు, "లినెట్, నేను దాన్ని సార్ అన్నానే" అంది. "నా సొంత చెల్లెల్ని. అది విన్నది."

తర్వాతి వారం క్రెల్ మమ్మల్ని పిలిపించాడు. డోరెథాని కూడా హాల్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. మొహమంతా నవ్వు పులుముకుని ఒక పెట్టె తెరిచాడు. లోపల విగ్గు. సాపుగా, తేనెరంగులో, భుజాల దాకా.

"మా అందరి తరఫునా ఒక చిన్న కానుక. ఆవిడకి చాలా బావుంటుంది" అన్నాడు.

"ఈ చచ్చిన ఉడతని ఏ రోడ్డు మీదనుంచి ఏరుకొచ్చావయ్యా?" అంది వెర్లీన్.

వాడు ఆ మాట పట్టించుకోకుండా వంగి దాన్ని డోరెథా తల మీద పెట్టబోయాడు. మళ్ళీ అడగలేదు! ఒకసారి అడక్కుండా తీశారు, ఇప్పుడు అడక్కుండా పెట్టబోతున్నాడు. డోరెథా ఎడమచేత్తో వాడి మణికట్టు పట్టేసుకుంది. పెదవులు ఒక పక్కకి లాగాయి. పక్షవాతం వచ్చాక ఒక్క మాట పలకని నోరు, అరవై ఆరేళ్ళలో ఒక్క పరుషం ఎరగని నోరు. అందులోంచి మెల్లగా, ముద్దగా, హాల్లో అందరికీ వినపడేలా మాట వచ్చింది.

"దొం...గ నా కొడకా."

 మూలనున్న ముసలాయనొకడు చప్పట్లు కొట్టాడు. క్రెల్ మొహం బీట్‌రూట్ దుంపలా అయింది. వెర్లీన్ పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఏడుపులోకి జారింది. "విన్నావా లినెట్! డీకనెస్ డోరెథా టిబ్స్! అమ్మ బతికుంటే సబ్బుతో నోరు కడిగేది!"

డోరెథాకి మాట నేర్పే డాక్టరమ్మ చెప్పింది, దెబ్బ తగిలిన మెదడులో తిట్లు వేరే చోట దాక్కుని ఉంటాయట, మిగతా మాటలు పోయినా అవి మిగులుతాయట. అయితే అయ్యుండచ్చు. నాకు మాత్రం ఆ తిట్టు సరైన చోటే పడిందనిపించింది.

వెర్లీన్ ఊరుకోలేదు. నర్సింగ్ హోమ్‌లని తనిఖీ చేసే సర్కారు ఆఫీసుకి ఫిర్యాదు పెట్టింది. వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. గాయం లేదు, జబ్బు లేదు, బరువు తగ్గలేదు, తప్పు ఏమీ కనబడలేదన్నారు. జుట్టు పోవడం గాయం కాదట. హోమ్ యజమానులు కూడా ఒక మాట పంపారు. "మీ మనసు నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం" అని. ఉంటే! ఆ 'ఉంటే' అన్న ముక్కకి వెర్లీన్ వంటింట్లో ఒక పింగాణీ పళ్ళెం పగిలింది. నేనే ఊడ్చాను.

ఏప్రిల్లో డోరెథాని ఇంటికి తెచ్చేసింది. ఇంట్లో మెట్లున్నాయి, డెబ్భై ఏళ్ళదానివి, ఎత్తి దింపలేవు అని డాక్టర్లు అన్నారు, పాస్టరుగారు అన్నారు, నేనూ అన్నాను. "పడితే ఇద్దరం పడతాం. జుట్టుతో పడతాం" అంది. మా చర్చి పెద్ద డీకన్ పీక్స్ వచ్చి గుమ్మం ముందు చెక్కలతో ఏటవాలు దారి కట్టిపెట్టాడు. ముందుగదిలో మంచం వేశారు.

అప్పటికి డోరెథా తల మీద వేలిగోరంత జుట్టు మొలిచింది. ఉన్న నలుపంతా పోయి, వెండిలా తెల్లగా వచ్చింది. ఆ వయసు జుట్టుకి మంచు కరిగే కాలంలో కావలసింది ఏమిటో వెర్లీన్‌కి తెలుసు. గోరువెచ్చని నీళ్ళు, బొట్టు నూనె, మెత్తటి వేళ్ళు. మాడు ఇంకా పొలుసులు లేస్తోంది, మెడ మీద గాట్లు నల్లబడ్డాయి. కానీ చెయ్యి వెయ్యబోతే చాలు, డోరెథా ఎడమచెయ్యి పైకి లేచేది. స్నానానికి ఒప్పుకునేది. తిండి తినిపించుకునేది. తల మాత్రం ఇవ్వదు.

ఒక మధ్యాహ్నం మా ఇంట్లోకే వినబడ్డాయి కేకలు.

"యాభై ఏళ్ళు నా చేతుల్లో ఉన్న తలే అది! వాళ్ళకిచ్చావు, నాకివ్వవా? పో, పొలుసులు కట్టుకుని పో!"

నేను పరిగెత్తుకెళ్ళేసరికి డోరెథా దుప్పటి తల మీదకి లాక్కుని ఉంది. వెర్లీన్ గడపలో కూలబడి ఉంది. "దాన్ని తిట్టానే" అంది నాతో. "ప్రపంచంలో తిట్టాల్సినవాళ్ళంతా ఉండగా దాన్ని తిట్టాను."

జూన్‌లో, ఉక్క మొదలైన రోజుల్లో, టమేరా వచ్చింది. ఉద్యోగం మానేసిందట. వరండా మెట్ల కింద నిలబడి, "మిస్ డోరెథాని ఒకసారి చూసి వెళ్తానండి" అంది.

"చూసిందానికంటే ఎక్కువే చేశావు. పో" అంది వెర్లీన్ వలతలుపు వెనకనుంచి.

లోపలనుంచి టక టకమని చప్పుడైంది. డోరెథా చెంచాతో మంచం కోడు మీద కొడుతోంది. వెర్లీన్ వెనక్కి తిరిగింది. డోరెథా వరండా వైపు వేలు చూపించి, రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. వెర్లీన్ తలుపు తీసి పక్కకి జరిగింది. రమ్మనలేదు.

టమేరా వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. డోరెథా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, లాగి, తన తల మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

వెర్లీన్ మొహం అప్పుడు చూడాల్సింది. "గొరిగిందాని చేతికిచ్చింది" అంది. "నాకివ్వని తల గొరిగిందాని చేతికిచ్చింది." వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తెత్తి పడేసింది. నాకు మాత్రం ఒకటనిపించింది. ఆ హోమ్‌లో డోరెథా నొప్పి తెలుసుకుని చిక్కు విడదీసింది ఆ ఒక్క పిల్లే. ఆ తల చూసి ఎవరో అనుకోనిది కూడా ఆ పిల్లే. వెర్లీన్‌కి నేను ఆ మాట చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

కాసేపటికి గిన్నెల చప్పుడు ఆగింది. వెర్లీన్ తలుపు దగ్గరికొచ్చి చూసింది. టమేరా సంచిలోంచి సీసా తీసి అరచేతిలో నూనె పోసుకుంటోంది.

"ఏయ్! పొడి తల మీద నూనె పోస్తావేంటే? అదీ ఈ ఉక్కలో? ముందు నీళ్ళు! మీ అమ్మ నీకేం నేర్పింది?" అని నీళ్ళు చిమ్మే సీసా తెచ్చి మంచం మీద పడేసింది. "బొట్టంటే బొట్టు. చేపలు వేయించడం లేదిక్కడ. వేళ్ళ చివర్లతో. గోళ్ళు తగిలాయంటే నీ చెయ్యి విరుస్తా."

డోరెథా మూసిన కళ్ళు తెరవకుండానే నోటి ఒక పక్కతో నవ్వింది.

అలా టమేరా వారానికోసారి రావడం మొదలైంది. వెర్లీన్ ఆ పిల్లకి కుర్చీ వేసేది కాదు, కానీ ప్లేటులో కోడికూర పెట్టేది. క్షమించావా అని నేనడిగితే, "అన్నం పెట్టా, అంతే. రెండూ ఒకటనుకోకు" అంది. ఆగస్టులో ఒకరోజు టమేరా బస్సు తప్పి రాలేదు. చెమటకి తల చిరచిరలాడుతున్నట్టుంది, డోరెథా మంచం కోడు మీద చెంచాతో కొట్టింది. వెర్లీన్ వచ్చి దూరంగా నిలబడింది. డోరెథా అక్క వంక చూసి, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తల వంచింది. వెర్లీన్ ఆ తెల్లటి జుట్టు కడగడం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గరగా వేసి ఇంటికి వచ్చేశాను.

ఇక్కడితో అంతా చల్లబడిందనుకుంటే మీరు వెర్లీన్‌ని ఎరగరు. సెప్టెంబరులో పాస్టరుగారు ఒక ఆలోచన చెప్పారు. మన ఆడవాళ్ళు జట్టుగా ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి మనవాళ్ళ తలలు దువ్వి వద్దాం, సేవగా. అందరూ ఆమెన్ అన్నారు. వెర్లీన్ లేచి నిలబడింది.

"నేనొప్పుకోను. తలనుంచి కాలిదాకా చూసుకుంటామని వాళ్ళు డబ్బు తీసుకుంటున్నారు. ఆ తల మాత్రం మనం ఊరికే చేసిపెట్టాలా? ఇవాళ మనం దువ్వితే వాళ్ళు ఎప్పటికీ నేర్చుకోరు. మా చెల్లెలి జుట్టు చెత్తబుట్టలో వేసినవాళ్ళకి నేను సాయం చెయ్యను."

"మరి అక్కడున్నవాళ్ళు ఏం పాపం చేశారు సిస్టర్ టిబ్స్?" అంది డీకన్ పీక్స్ భార్య. "చలికాలం వస్తోంది. మీరు గెలిచేదాకా వాళ్ళ తలలు అట్టలు కట్టాల్సిందేనా?"

వెర్లీన్ సంచి అందుకుని బయటికి నడిచింది.  కొందరు వెళ్ళారు, నేనూ వెళ్ళాను. నేను వెళ్ళిన ఆ నెల వెర్లీన్ నాతో మాట్లాడలేదు. ఎదురింట్లోనుంచి నా వంక చూసి కిటికీ తెర లాగేసుకునేది. అదే నెలలో ఒక్కతే బస్సెక్కి రాష్ట్ర రాజధానికి వెళ్ళి, జుట్టు తియ్యాలంటే మనిషినీ ఇంటివాళ్ళనీ అడిగి తీరాలని రూలు పెట్టమంటూ అక్కడి పెద్దల ముందు నిలబడి మాట్లాడి వచ్చింది. రూలింకా రాలేదు. ఆవిడ ఇంకా వెళ్తూనే ఉంది.

నవంబరులో మొదటి మంచు పడ్డాక డోరెథాని చర్చికి తీసుకొచ్చారు. జుట్టు రెండు వేళ్ళ పొడవు సాగింది. జడకి అందదు, అందుకని వెర్లీన్ తేమ పట్టించి, చిన్న చిన్న పురులు పెట్టి, మీద ఊదారంగు శాటిన్ కట్టింది. లోపలికొచ్చాక గుడ్డ విప్పింది. అందరూ చుట్టూ మూగారు. వెండిపూసల్లా ఉన్నాయన్నారు. పీక్స్ భార్య వెర్లీన్ భుజం మీద చెయ్యి వేసింది.

"చూశావా, దేవుడు దయగలవాడు. మునుపటికంటే అందంగా మొలిచింది. ఇంకనైనా మర్చిపో సిస్టర్."

"మొలవడం జుట్టు గొప్ప, ఆ పైవాడి గొప్ప" అంది వెర్లీన్. "ఆ హోమ్‌వాళ్ళ గొప్పేం కాదు. వాళ్ళ ఖాతాలో ఎందుకెయ్యాలి?"

చెల్లెలి కుర్చీ తోసుకుంటూ ముందు వరసకి వెళ్ళి కూర్చుంది.